తాగేవాడికి గది ఉంది, మానేవాడికే లేదు

ఇవాళ పొద్దున అమీర్‌పేట వైపు ఒక హాస్టల్‌లో ఓ కుర్రాడి సంచీ తీసుకెళ్లి గేటు బయట పడేశారు. నేరమేంటయ్యా అంటే దిండు కింద మాత్రల స్ట్రిప్పు, డీ-అడిక్షన్ ఓపీ చీటీ దొరికాయట. "ఇలాంటోళ్లు మాకొద్దు బాబూ." పైగా అడ్వాన్సులో నెల కోత. అదే మంచం కింద బీరు సీసాలు దొరికుంటే? వాచ్‌మన్ పాత సామాన్ల బండికి వేసేవాడు, అంతే.

అసలు ఓపీ వైద్యం, అంటే ఆసుపత్రిలో చేరకుండా మందులు తెచ్చుకుని బయటే వాడుకోవడం, అంత తేలికనుకుంటున్నారా? కల్తీ కల్లు సంగతే చూడండి. అందులో ఎక్కువగా కలిపేది అల్ప్రాజోలం అనే మత్తుమందు. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. అందుకే డాక్టర్లు అదే కోవకు చెందిన డయాజిపాం లాంటి మందిచ్చి వారాల తరబడి డోసు మెల్లగా దించుతారు. కొద్దిరోజుల మందులే చేతికిచ్చి "ఇంట్లోవాళ్ల దగ్గర పెట్టు" అంటారు. ఏ ఇంట్లోవాళ్లండీ? బస్టాండు బెంచీ మీద పడుకున్నవాడి జేబులోంచి ఆ స్ట్రిప్పు తెల్లారేసరికి మాయం. మత్తు మాత్రలాయె, కొనేవాళ్లకు కొదవా! తర్వాత ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకుని పడిపోతే దారిన పోయేవాళ్లు "తాగి పడ్డాడు" అనుకుంటూ తప్పుకుంటారు.

తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రదీ అదే గోల. రోజూ ఎదురుగా నిలబడి మింగించే మనిషి ఉండాలి. ఆపేసినా రెండు వారాల దాకా దాని పవరు ఉండొచ్చు, ఈలోగా గుక్క వేస్తే ముఖం ఎర్రబడి వాంతులు, గుండెదడ.

నైట్ షెల్టర్‌కి పొమ్మనే మహానుభావులకో దండం. పక్క చాప మీద ఎవడో సీసా మూత తిప్పుతుంటే వణుకుతున్నవాడు ఎంతసేపని కళ్లు మూసుకుంటాడు? వాడికి కావాల్సింది మూడు నెలలపాటు ఓ మంచం, తాళం పడే డబ్బా, పొద్దున్నే మాత్ర చేతిలో పెట్టే మనిషి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు, మత్తు వల్ల వచ్చే సమస్యల్నీ మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. వైద్యం తర్వాత కొన్నాళ్లు ఆసరాగా ఉండే హాఫ్‌వే హోమ్‌లు ఉండాలని 18వ సెక్షన్‌లో రాశారు కూడా. రాతకేం, ముత్యాల్లా ఉంది.

గదులు కట్టడం చేతకాక కాదు సుమా! తెలంగాణలో వైన్స్ పక్కన పర్మిట్ రూమ్ చూడండి. తాగడానికే ఓ గది, దానికో లైసెన్సు. ఊళ్లల్లో అయితే బెల్టు షాపు, అర్ధరాత్రి తలుపు కొట్టినా క్వార్టర్ చేతిలో పడుతుంది.

అన్నట్టు, ఆ హాస్టల్ కింద షట్టర్‌లో ఉన్నది కూడా వైన్సే. అద్దె టంచనుగా ఇస్తారట, చాలా మర్యాదస్తులట.