పది రూపాయల పెన్సిల్‌తో చెయ్యి పాడవుతుందట!

వారం రోజులుగా ఒకటే మెసేజ్. గుంటూరు నుంచి బాబాయి పంపాడు, బెజవాడ స్కూల్ గ్రూపులో ఇద్దరు పెట్టారు, "నువ్వు బొమ్మలేస్తావుగా, పనికొస్తుంది" అంటూ పై ఫ్లాటు ఆంటీ కూడా. "బొమ్మలు నేర్చుకునేవారు తప్పక తెలుసుకోవాల్సిన ఆరు నిజాలు" అట. పిల్లల పుస్తకాలకు బొమ్మలేసి బతికేదాన్ని కాబట్టి జవాబు ఒకేసారి రాసి పెట్టుకుంటున్నాను. ఇక ఎవరు పంపినా ఇదే వెళ్తుంది. ముందు మెసేజ్ మాట, వెంటనే నా మాట.

ఒకటి, పెన్సిల్‌లో సీసం ఉంటుంది, విషం. ఉండదు. ఉండేది గ్రాఫైటు, అదో రకం కార్బన్. పదండి.

రెండు, మన పెన్సిల్ గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి, జర్మనీవి వెలవవు. గ్రాఫైటు ఏ దేశంలో చెక్కలో పెట్టినా కార్బనే, ఎండకు వెలవదు. పసుపెక్కేది కాగితం. చవక కాగితం మీద జర్మనీ పెన్సిల్‌తో గీసినా అది పసుపెక్కుతుంది.

మూడు, షేడింగ్‌కి 300 జీఎస్ఎం కంటే తక్కువ కాగితం వాడొద్దు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో, అంతే. గ్రాఫైటుని పట్టుకునేది కాగితం బరువు కాదు, పైనున్న గరుకు. శుభలేఖలు అచ్చేసే 300 జీఎస్ఎం మెరుపు ఆర్ట్ కార్డు మీద మెత్తగా, నల్లగా గీసే 4బీ పెన్సిల్ పెట్టి చూడండి, జారిపోతుంది. స్కెచ్‌లకి నాకిష్టమైంది 130, 150 జీఎస్ఎం మధ్య కార్ట్రిడ్జ్ కాగితం, అంటే కాస్త గరుకున్న డ్రాయింగ్ కాగితం. ఐడియా కుదిరేదాకా అదీ అక్కర్లేదు, జిరాక్స్ కాగితం చాలు.

నాలుగు, 6హెచ్ నుంచి 8బీ దాకా మొత్తం సెట్ ఉండాలి. నాకు హెచ్‌బీ, 2బీ, 4బీతో పని జరిగిపోతుంది. హెచ్ రకాల్లో గ్రాఫైటుతో కలిపే బంకమన్ను ఎక్కువ, గట్టిగా ఉంటాయి. బీ రకాల్లో తక్కువ, మెత్తగా ఉంటాయి. కొత్తవాళ్లేమో నొక్కి గీస్తారు. 4హెచ్‌తో నొక్కితే కాగితంలో గాడి పడుతుంది. తర్వాత దాని మీద 4బీ తిప్పితే నల్లటి జడ మధ్యలో తెల్ల గీత తేలుతుంది. రబ్బరు ఎంత రుద్దినా గాడి పూడదు.

ఐదోది చదివాకే నాకు ఒళ్లు మండింది. "పిల్లలకు పది రూపాయల పెన్సిల్ ఇవ్వకండి, చెయ్యి శాశ్వతంగా పాడవుతుంది. 24 పెన్సిళ్ల ఇంపోర్టెడ్ సెట్, విదేశీ స్కెచ్‌బుక్ కొనండి." ఈ లెక్కన నటరాజ్, అప్సరలతో పెరిగిన మన తరమంతా చేతులు ముడుచుకు కూర్చోవాలి. ఆ జర్మనీ పెన్సిల్‌దీ మన నటరాజ్‌దీ ఒకటే పద్ధతి. యుద్ధం వల్ల ఇంగ్లండు గ్రాఫైటు రాకపోతే, ఫ్రాన్సులో నికొలా జాక్ కోంటే గ్రాఫైటు పొడిలో బంకమన్ను కలిపి కాల్చాడు. 1795లో పేటెంటూ తీసుకున్నాడు. ఇప్పటికీ అదే.

ఈ మెసేజ్ నమ్మి కొన్న ఇళ్లలో ఏమవుతుందో వేసవి క్లాసుల్లో చూస్తున్నాను. "జాగ్రత్త, ఒక్కో పేజీ ఎంతో తెలుసా" అని అమ్మ చెప్పి పంపుతుంది. ఆ పిల్లాడు ఖరీదైన పేజీలో ఓ మూల అంగుళం మామిడికాయ వేసి, దాన్నే గంటసేపు చెరిపి దిద్దుతాడు. పక్కనున్న పిల్ల ఆఫీసులో పారేసిన ఒకవైపు కాగితాల మీద ప్రకాశం బ్యారేజీ మొదలుపెడుతుంది. 70 గేట్లూ వేయాలని పట్టు. కాగితం చాలకపోతే ఇంకోటి అతికించి గీస్తుంది. ఎవరి చెయ్యి పాడైందో ఆ ఫార్వర్డ్ పండితులే చెప్పాలి.

అలాగని జర్మనీ పెన్సిల్ దండగ అనను. నా డబ్బాలో 4బీ అక్కడిదే. నలుపు సమంగా ఎక్కుతుంది, మొన ఊరికే విరగదు, చెక్క బ్లేడుకి వెన్నలా తెగుతుంది. రోజంతా గీసేవాళ్లకి ఆ సుఖం విలువ తెలుస్తుంది. ఏడేళ్ల పిల్లాడికి ఎందుకు?

ఆరు, షేడింగ్‌ని వేలితో రుద్దొద్దు. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. చర్మం జిడ్డు కాగితానికి అంటితే మరక పడుతుంది, రబ్బరుకీ సరిగా లొంగదు. మన మే నెల చెమటకైతే అరచెయ్యి ఆన్చినా చాలు. చేతి కింద ఏదైనా వేసుకోండి. పాత శుభలేఖ భేషుగ్గా ఉంటుంది, 300 జీఎస్ఎం కదా.