డోడో బంగారు కాసు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ డోడో బంగారు కాసు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు మారిషస్ దీవిలో ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి, 1662 తర్వాత మీ క్షేమసమాచారాలు ఎవరికీ అందినట్టు లేదు. కాబట్టి ఆ మర్యాద ఇక్కడితో ఆపేసి నువ్వు అనే అంటాను. మూడేళ్లుగా మా బీరువాలో అద్దె లేకుండా ఉంటున్నావు, ఆ మాత్రం చనువు నాకుంది.

నా పెళ్లికి మా బాబాయి నిన్ను మారిషస్ నుంచి కానుకగా తెచ్చాడు. 1988 నాటి పావు ఔన్సు నాణెం, ఒకవైపు ఆ దేశపు తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ గారు, రెండోవైపు బొద్దుగా నువ్వు, చుట్టూ గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. మా నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని, కిటికీ దగ్గర నిన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "బాతు ముద్దుగా ఉందిరా, చిన్న కొక్కెం అతికిస్తే నా కాసులపేరులో ఊడిపోయిన చోటికి సరిపోతుంది" అంది. బాతు కాదు నాయనమ్మా, పావురాల జాతి అని నేను చెప్పేలోపే బాబాయి గుండె జారిపోయింది. "అమ్మా, మూత తియ్యకు! వేలిముద్ర పడితే రేటు పడిపోతుంది!"

అరవై ఏళ్లుగా ఆవిడ మెడ చెమటకి అరిగి నున్నబడిన కాసుల రేటు పడిపోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు మరి.

నీ ఒంటి మీద 250 రూపాయలు అని రాసుంది. మారిషస్ రూపాయలే అనుకో, అయినా ఆ డబ్బుకి బంగారం కొట్టువాడు ఉత్త డబ్బా కూడా ఇవ్వడు. పోయిన నెల చేతిలో డబ్బు ఆడక నిన్ను ఒక షాపుకి తీసుకెళ్లాను. ఆయన త్రాసులో వేశాడు, 8.51 అని చూపించింది, గీటురాయి తీయబోతే నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. "22 క్యారెట్లు, కాసు మీద అర గ్రాము ఎక్కువ. పక్షికి విడిగా ఏమీ రాదు సార్" అన్నాడు. తరుగు కూడా తీస్తాడట.

అంటే ఏమిటి, నీ బొమ్మ మీద వేలు పడితే నష్టం, నీ బొమ్మకి వెల మాత్రం సున్నా!

పాపం నీకిది కొత్తేమీ కాదు. 1598లో డచ్చి ఓడలవాళ్లు దిగి నీకు పెట్టిన పేరుకి అర్థం 'వెగటు పక్షి', ఎంత ఉడికించినా మాంసం మెత్తబడలేదని వాళ్ల ఫిర్యాదు. వాళ్లు వదిలేసినదాన్ని వాళ్లతో వచ్చిన పందులూ ఎలుకలూ కోతులూ వదల్లేదు, నేల మీద పెట్టిన గుడ్లన్నీ వాటి ఫలహారమయ్యాయి. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో మీవాళ్లది ఒక తలకాయ మిగిలితే, 2018లో దాన్ని స్కాన్ చేసి చూశారు, లోపల సీసం గుళ్లు! అసలు తలకి సీసం, నకలు తలకి 22 క్యారెట్ల బంగారం. బతికుండగా ఎవరైనా నిన్ను ఇలా డబ్బాలో పెట్టి మూతేసి కాపాడి ఉంటేనా.

మా కోరంగి రేవులో ఓడలెక్కిన తెలుగువాళ్లు మారిషస్ చెరకు తోటల్లో కూలీలుగా దిగేసరికి నువ్వు పోయి నూట డెబ్బై ఏళ్లు దాటింది. వాళ్ల చలవతో అక్కడ ఉగాదికి సెలవిస్తారు. నీకైతే దేశ రాజముద్రలోనే చోటిచ్చారు, నోట్ల మీద వాటర్‌మార్కుగా కూడా వేశారు. బాబాయి ఈ సంగతి ఎంత గర్వంగా చెబుతాడంటే, అక్కడ నువ్వు ఇంకా తిరుగుతున్నావేమో అనిపిస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. నాయనమ్మ నిన్న మళ్లీ అడిగింది. ఆవిడ కాసుల మీద ఉన్నది జార్జి రాజు, ఆ తలకాయ ఎవరిదని ఆవిడ ఏనాడూ అడిగిన పాపాన పోలేదు కాబట్టి నీ పక్కన ఎవరున్నారని నువ్వూ పట్టించుకోకు. కంసాలి శుక్రవారం వస్తానన్నాడు. బాబాయికి ఇంకా చెప్పలేదు. మూత తీసేటప్పుడు కాస్త చప్పుడవుతుంది, భయపడకు.

ఇట్లు,
నీ పావు ఔన్సు యజమాని