తొట్టెల ఫంక్షన్‌కి వేంచేసిన టెడ్డీ దుప్పటి గారికి

గౌరవనీయులైన టెడ్డీ దుప్పటి గారికి,

నమస్కారం. నిన్న రాత్రి మూడింటికి మీరు చేసిన ఘనకార్యం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మర్యాదలు కానివ్వండి.

మీరు మా పాప తొట్టెల ఫంక్షన్ రోజు మా ఇంటికి వేంచేశారు. ఒక్కరే రాలేదు, సపరివారంగా వచ్చారు. గులాబీ రంగు మీరు, నీలం రంగు మీరు, కుందేలు చెవుల టోపీ కుట్టిన మీరు, అందరూ అదే జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో, ఒకసారి మడత విప్పితే ఇక జన్మలో మళ్లీ అందులో పట్టకుండా. అప్పుడు ఏప్రిల్. ఆదిలాబాద్ ఏప్రిల్ అంటే తెలుసు కదా, ఫ్యాను కింద పడుకున్నా పరుపు కాలుతుంటుంది. మిమ్మల్ని ఇచ్చిన ప్రతి ఒక్కరూ మాత్రం "చలికాలం పనికొస్తది, దాచిపెట్టు" అన్నారు. దాచిపెట్టాను. చలికాలం వచ్చింది. మీ పనితనం చూశాను.

అతి తక్కువ ఉష్ణోగ్రత అంటూ మా వైపు ఊరు సిర్పూర్(యు) పేరు రోజూ టీవీ స్క్రోలింగులో తిరిగే రోజులివి. మా దగ్గరా రాత్రయితే పది డిగ్రీల లోపుకి దిగిపోతోంది, పెద్దవాళ్లమే రగ్గు మీద రగ్గు కప్పుకుని ముడుచుకుని పడుకుంటున్నాం. మీకు అప్పగించిన పని ఒక్కటే. తొమ్మిదో నెల నడుస్తున్న పిల్ల మీద పొద్దున దాకా ఉండడం. ఇంకేమీ అడగలేదు.

ఉండరు. మీ వల్ల కాదు. పాప నిద్రలోనే రెండు కాళ్లూ కలిపి పైకెత్తి దబ్బున కింద వేస్తుంది, ఆ ఊపుకి మీరు నడుము దాకా దిగుతారు. రెండో దబ్బుకి మోకాళ్ల దాకా. ఆ తర్వాత మడమతో మిమ్మల్ని పట్టి ఒక మూలకి తోసి, ఒక్క పొర్లు పొర్లి మీ మీదే హాయిగా బోర్లా పడుకుంటుంది. నేను లేచి ఆమె కింద నుంచి మిమ్మల్ని మెల్లగా లాగుతుంటే చీకట్లో చిటచిటమంటూ నీలం రవ్వలు. పాలిస్టర్ మహాశయా, ఈ పొడి గాలికి మీలో కరెంటు పుడుతుంది కానీ పిల్లకి కావాల్సిన వెచ్చదనం మాత్రం పుట్టదు. కప్పుతాను, పడుకుంటాను, కళ్లు మూతపడుతుండగా దబ్బు. మళ్లీ కప్పుతాను. మా ఆయన అయితే ఆ దబ్బుకి అలవాటుపడిపోయి గురకలో తాళం కూడా తప్పడం లేదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మీరు వచ్చిన రోజున పాప ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. పుట్టినప్పుడు ఇంచుమించు 50 సెంటీమీటర్లుండే పిల్లలు ఏడాదికల్లా ఇంకో 25 పొడుగు సాగుతారు, బరువు మూడింతలవుతుంది. మీరు మాత్రం కవర్లోంచి తీసినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే, పైగా రెండు ఉతుకులకే ఉండలు కట్టారు, ఆ ఉండలు పీకి పాప నోట్లో వేసుకుంటోంది. అప్పట్లో పాత కాటన్ చీర ముక్కలో చుట్టి పడుకోబెడితే చాలు, పాలకి ఏడ్చేదాకా కదిలేది కాదు. నాలుగో నెలలో బోర్లా పడింది. బొబ్బట్లు చేసి వాడంతా పంచాం. అదే వారం డాక్టర్ గారు "ఇక గుడ్డలో చుట్టడం ఆపెయ్యండి, చేతులు లోపల ఇరుక్కుని బోర్లా పడితే మళ్లీ వెల్లకిలా తిరగలేదు" అన్నారు. చీర ఉయ్యాల కూడా ఇంతే, ఇప్పుడు అందులోంచి లేచి కూర్చుని కిందికి తొంగి చూస్తోంది. ఎదిగే పిల్లకి ఏదీ రెండు నెలలు నిలవదు.

డాక్టర్ గారు ఇంకో మాట కూడా చెప్పారు, మీ గురించే. ఏడాది నిండేదాకా పిల్ల పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. వెచ్చదనం ఒంటికి వేసే బట్టల్లోంచి రావాలి, ఆ గదిలో మనం ఎన్ని పొరలు వేసుకుంటే పిల్లకి అంతకన్నా ఒక్క పొర ఎక్కువ, అంతే. సరే, లెక్క వేసుకున్నాను. పాపకి ఏడాది నిండేది మార్చి చివర్లో. అంటే ఆదిలాబాద్‌లో ఎండలు మండడం మొదలయ్యాక తమరు డ్యూటీలో చేరతారు. మరి ఇచ్చినవాళ్లందరూ చెప్పిన ఆ చలికాలం ఏ దేశంలోదండీ?

ఈ సంగతి మా అత్తమ్మకి ఎవరు చెప్పాలి? చెప్పాను. తలూపింది. ఊపిన ఐదు నిమిషాలకే పాప పాదాలు ముట్టుకుని "పోరి కాళ్లు మంచుగడ్డలున్నయ్, ఇగం పెడ్తున్నది, జర కప్పు బిడ్డా" అంది. పసిపిల్లల అరికాళ్లు, అరచేతులు ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి, రక్తప్రసరణ ఇంకా కుదురుకోకపోవడం వల్ల. చెయ్యి పెట్టి చూడాల్సింది మెడ వెనక, లేదా ఛాతీ మీద. అక్కడ గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు, చెమట పడితే ఒక పొర తీసెయ్యాలి, ఎందుకంటే చలికి భయపడినట్టే ఉడకబోతకీ భయపడాలి. ఇదంతా చెప్పి అత్తమ్మ చెయ్యి పట్టుకుని పాప మెడ వెనక పెట్టించాను. "వెచ్చగనే ఉన్నది" అంది. అని, మళ్లీ పాదాలు ముట్టుకుంది.

మిగతావాళ్లకి విడివిడిగా ఉత్తరాలు రాసే ఓపిక లేదు, వాళ్ల సంగతీ ఇక్కడే కానిచ్చేస్తాను. మంకీ క్యాప్ గారూ, పిల్లలకి ఒంట్లో వేడి ఎక్కువైతే తల నుంచి కూడా బయటికి పోవాలట, పడుకున్నాక ఇంట్లో మీ అవసరం లేదు, మీరేమో కళ్లు దాటి ముక్కు మీదకొస్తారు. సాక్సు గారూ, మీ జోడీ ఎక్కడ? రూమ్ హీటర్ గారూ, మీ దయవల్ల పాప ముక్కు ఎండి దిబ్బడ వేసింది, కరెంటు బిల్లు అదనం. పన్నెండు గంటలు పొడిగా ఉంచుతానని ప్యాకెట్ మీద ప్రమాణం చేసిన డైపరూ, రాత్రి రెండింటికి వీపు దాకా తడిపి ఆ చలిలో పిల్ల బట్టలన్నీ విప్పించావు, నీకు గారు కూడా దండగ. కుంపటి పెట్టుకోమని సలహా ఇచ్చిన పక్కింటి పెదనాయనకి మాత్రం వెటకారం లేకుండా చెప్తున్నా. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వద్దు పెదనాయనా.

సరే, ఇక నిన్న రాత్రి. లోపల కాటన్ బనియను, దాని మీద పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, పైన స్వెటర్, ఇలా పొరలు వేసి పాపని మా పక్కనే తన మంచంలో వెల్లకిలా పడుకోబెట్టాను. తమరు కుర్చీలో మడతపెట్టి ఉన్నారు. నాకు నిద్ర పట్టేసింది. అత్తమ్మ నీళ్లు తాగడానికి లేచి, దారిలో పాప పాదాలు ముట్టుకుని, ప్రేమకొద్దీ మిమ్మల్ని కప్పి వెళ్లింది. ఆమెనేమీ అనను, నలుగురు పిల్లల్ని ఈ చలిలోనే పెంచిన మనిషి. మూడింటికి మెలకువ వచ్చి చూస్తే పాప కాళ్లు రెండూ బయటే ఉన్నాయి. ముఖం కనపడలేదు. ముఖం ఉండాల్సిన చోట టెడ్డీ బొమ్మ నవ్వుతోంది.

ఇక మీరు, గారు అనడం నా వల్ల కాదు. ఏం దుప్పటివే నువ్వు? కాళ్ల మీద అర నిమిషం ఆగలేనిదానివి, ముక్కు మీద ఎలా ఆగావు? నడుం మీద జారావు, పొట్ట మీద జారావు, అక్కడికి పోయాకే నీకు స్థిరత్వం వచ్చిందా? నిన్ను లాగి గోడకేసి కొట్టాను, అప్పటికీ నా చేతుల వణుకు ఆగలేదు. పాపకి ఏమీ కాలేదు, చిన్నగా మూలిగి అటు తిరిగి పడుకుంది. దాని ఊపిరి వింటూ తెల్లారేదాకా కూర్చున్నాను. నీ కవర్ మీద ఒక పాప ఫొటో ఉంది చూడు, వెల్లకిలా, బుద్ధిగా, గడ్డం దాకా నిన్ను కప్పుకుని, ఒక్క ముడత కూడా లేకుండా. ఆ ఫొటో తీసినవాణ్ణి ఒక్క రాత్రి మా ఇంటికి పంపు. ఒక్క రాత్రి చాలు.

పొద్దున నేనేమీ అడగకుండానే అత్తమ్మ తన పాత మెత్తటి కాటన్ చీరలు రెండు తెచ్చి నా ముందు పెట్టింది. అవి పట్టుకుని టైలర్ అక్క దగ్గరికి వెళ్లాను. చేతుల్లేని సంచీ లాంటిది, భుజాల నుంచి పాదాలు దాటేదాకా, చీర మడతలు నాలుగు వేసి బొంత కుట్టినట్టు కుట్టాలి. అంగళ్లలో స్లీపింగ్ బ్యాగ్ అని అమ్ముతారే, అదే. వాటి మీద ఎంత వెచ్చగా ఉంచుతాయో చెప్పే టాగ్ (TOG) అంకె ఉంటుంది, గది 16 నుంచి 20 డిగ్రీలుంటే 2.5, ఇంకాస్త వెచ్చగా ఉంటే 1. మా చీరలకి అంకెలు లేవు, మెడ వెనక పెట్టి చూసే చెయ్యే మాకు అంకె. "ఎదిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దగా కుట్టేదా?" అంది టైలర్ అక్క, మన పిల్లల బట్టలన్నీ అలాగే కదా కుట్టించేది. కింద ఎంత పొడుగైనా పెట్టు, మెడ, చంకలు మాత్రం కొలతకే ఉండాలి, వదులైతే పిల్ల లోపలికి జారిపోతుంది అన్నాను. జిప్పు కింది వైపు నుంచి తెరుచుకోవాలి, అర్ధరాత్రి డైపర్ మార్చినా ఛాతీ చల్లబడకూడదు. ఎల్లుండికి ఇస్తానంది. ఎన్ని దబ్బులు వేసినా కాళ్లతో పాటు సంచీ కూడా లేస్తుంది, మళ్లీ కాళ్లతో పాటే దిగుతుంది. తంతే పోయేదానికీ, తన్నినా పోనిదానికీ తేడా ఏంటో దాన్ని చూసి నేర్చుకో.

నీకు ఉద్యోగం మొత్తానికి పోలేదులే. పగలు హాల్లో నేల మీద పరుస్తాను. ఇందాక పాప నీ మీద పాకింది, నీ అంచు పట్టుకుని తల మీద వేసుకుని, తీసి, నన్ను చూసి కిలకిలా నవ్వింది, నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. దానికి నీ మీద కోపమేం లేదు. నాకుంది. చీకటిపడ్డాక బెడ్రూం గడప తొక్కావంటే మసిగుడ్డలు చేస్తాను.

ఇట్లు,
నిద్ర కరువైన ఒక అమ్మ

తా.క.: వచ్చే నెల మా ఆడబిడ్డ వాళ్లింట్లో తొట్టెల ఫంక్షన్ ఉంది. ఏం తీసుకెళ్దామని అత్తమ్మని అడిగాను. "గిదేం అడుగుడు, ఒక మంచి దుప్పటి కొనుక్కపోదాం" అంది.