మహారాజశ్రీ గాలి మీటరు గారికి

విజయనగరం నుంచి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమే. కాదని మీరొక్కరే అంటున్నారు.

మొన్న రాత్రంతా ముసురు. తెల్లారేసరికి వాన వెలిసింది, గాలి కడిగినట్టుంది. బాల్కనీలో మీరు మాత్రం ఎర్రగా వెలుగుతూ పీఎం 2.5, అంటే గాలిలోని సన్న దుమ్ము కణాలు, ఘనమీటరుకు 170 మైక్రోగ్రాములు అన్నారు. 24 గంటల సగటు 60 దాటకూడదని మన దేశ ప్రమాణం. అది చూసి మా అత్తయ్య మనవణ్ణి బడికి పంపనంది. తొమ్మిదింటికి ఎండ కాసింది, తమరు 30కి దిగారు. ఈలోపు ఊళ్లో ఏ ఫ్యాక్టరీ మూతపడలేదు మరి!

తమరి లోపల ఉన్నది ఒక బుల్లి ఫ్యాను, ఒక లేజరు. కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి దుమ్మెంతో లెక్క కడతారు. తేమ బాగా పెరిగితే ఉప్పు, సల్ఫేటు కణాలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. పొగమంచు తుంపర కూడా తమరికి దుమ్మే. నానిన శనగలు తూచి ఎండు శనగల ఖాతాలో రాసే బేరం ఇది. మీ జాతిలో పెద్దలు అలా కాదు. బీటా కిరణాల యంత్రం గాలిని వేడి గొట్టంలో ఆరబెట్టి మరీ కొలుస్తుంది. మాన్యువల్ పద్ధతిలో ఫిల్టరు కాగితాన్ని తేమ అదుపులో ఉంచి, ముందోసారి, తర్వాతోసారి తూస్తారు. అదీ వారానికి రెండు రోజులే, ఏడాదికి 104 కొలతలు. మిగతా రోజుల్లో ఏం పీల్చామో మన ఊపిరితిత్తులనే అడగాలి.

తమరి కేకలు భరించొచ్చు, మౌనమే భరించలేం. వాన నాలుగు రోజులు వరపిస్తే చాలు, రోడ్డు మీది బురద ఎండి పొడవుతుంది. లారీ వెళ్లగానే ఇడ్లీ బండామె గబగబా చట్నీ గిన్నెల మీద మూతలు పెడుతుంది. తమరేమో పచ్చగా నవ్వుతుంటారు! లావు దుమ్ము తమరి లెక్కకు సరిగ్గా అందదట. మా ఊరినీ, పక్కనున్న శ్రీకాకుళాన్నీ గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ముఖ్యంగా చూసేది ఆ లావు దుమ్మునీ కలిపి లెక్కేసే పీఎం 10నే. వాన ఆ లావు దుమ్మును బాగానే కడుగుతుంది గానీ, సన్న కణాలు దానికి అంత తేలిగ్గా లొంగవు. అంటే వాన పడ్డాక గాలిలో అసలేం మిగిలిందో చెప్పాల్సిన వేళకే తమరికి మతి చలిస్తోంది.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. ముసురుకి తలుపులు బిగించి, ఆరని బట్టలకు సాంబ్రాణి, దోమలకు కాయిల్ పెట్టాం. హాల్లోకి తెచ్చి పెడితే తమరు ఎర్రబడ్డారు. అది నిఖార్సైన పొగ. మా మామయ్య మాత్రం పేపర్లోంచి తలెత్తకుండా "తేమలేమ్మా" అనేశారు.

కాబట్టి తమరి పక్కనే తేమ మీటరు తగిలిస్తున్నాను. అది 85 శాతం దాటినంతసేపు తమరి మాట చెల్లదు. సిరిమానోత్సవం అయ్యి, చలి దిగి గాలి ఆరాక ఎర్రబడండి, అప్పుడు మామయ్య సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
తమరిని డబ్బు పెట్టి కొన్న మనిషి

తా.క.: తమరి ఫ్యానులో సాలీడు గూడు కట్టింది. ఆదివారం దులుపుతాను. అప్పటిదాకా అంకెలేమీ చెప్పకండి, అత్తయ్య చూస్తోంది.