ట్యాబ్ ఎవరి చేతికివ్వాలి?

ఎన్నికల హామీల్లో ల్యాప్‌టాప్‌కున్న గిరాకీ చాక్‌పీసుకు ఉండదు. కెన్యాలో 2013 ఎన్నికలప్పుడు ఒకటో తరగతిలో చేరే ప్రతి బిడ్డకూ ల్యాప్‌టాప్ ఇస్తామన్నారు. గెలిచాక టెండర్ల గొడవలతో కాలం గడిచిపోయి, మూడేళ్ల తర్వాత 2016లో ఆ హామీ ట్యాబ్‌గా మారి బడులకు చేరడం మొదలైంది. ఇంచుమించు అదే సమయంలో అదే దేశంలో ‘టుసోమె’ అనే పఠన కార్యక్రమం నడిచింది. అందులో ట్యాబ్‌లు ఇచ్చింది పిల్లలకు కాదు, బడులు తిరిగి చూసే విద్యాధికారులకు. వాళ్లు తరగతిలో వెనక కూర్చుని పాఠం ఎలా సాగుతోందో ట్యాబ్‌లో నమోదు చేసేవారు. కొందరు పిల్లల్ని పిలిచి చదివించి చూసేవారు. బయల్దేరేముందు టీచరుతో కూర్చుని ఏం మార్చుకుంటే బాగుంటుందో మాట్లాడేవారు. పిల్లల చదువులో స్పష్టమైన మెరుగుదల కనిపించింది ఈ రెండో దాంట్లోనే.

బడుల్లో డిజిటల్ పరిజ్ఞానం గురించి జరిగే చర్చంతా ఎన్ని పరికరాలు, ఎంత ఖర్చు అన్నచోటే ఆగిపోతోంది. టీచరును దాటేసి నేరుగా పిల్లల దగ్గరికి వెళ్లాలని చూసిన పథకాలు ఎక్కువగా చతికిలబడ్డాయి. టీచరు పనిలో భాగమైనవీ, టీచరు చేయలేని పనిని నెత్తికెత్తుకున్నవీ ఫలితమిచ్చాయి. ఈ తేడా పట్టించుకోకుండా ఎన్ని కోట్లు పోసినా పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

పెరూ సంగతే చూడండి. ఒక్కో బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్ అంటూ 2005లో అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపాంటే మొదలుపెట్టిన ఉద్యమానికి అతిపెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నారు. 319 గ్రామీణ బడుల్లో జరిగిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. పిల్లలు కంప్యూటరు వాడటం నేర్చారు, ఆలోచనా శక్తిని కొలిచే కొన్ని పరీక్షల్లో కాస్త మెరుగయ్యారు. లెక్కలు, భాషల్లో మాత్రం ల్యాప్‌టాప్ అందిన బడికీ అందని బడికీ తేడా లేదు. లేకపోవడంలో వింతేముంది? చాలా బడులకు ఇంటర్నెట్ లేదు. ఈ యంత్రంతో రేపటి పాఠం ఎలా చెప్పాలో టీచరుకు ఎవరూ సరిగ్గా చూపించలేదు.

ఇంకా సూటిగా తేల్చి చెప్పేది పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్ర అనుభవం. అక్కడ రెండు పద్ధతులు పరీక్షించారు. ఒకదాంట్లో సిలబస్‌కు సరిపోయే చిన్న చిన్న వీడియోలు, తరగతి గదిలో ఒక తెర, వాటిని వాడటంలో శిక్షణ టీచర్లకు ఇచ్చారు. కొద్ది నెలల్లోనే పిల్లల మార్కులు పెరిగాయి. రెండోదాంట్లో పాఠాలు నింపిన ట్యాబ్‌లు నేరుగా పిల్లలకే ఇచ్చారు. వాళ్ల మార్కులు తగ్గాయి. పెరగకపోవడం కాదు, తగ్గాయి. గుజరాత్‌లో అంతకుముందే జరిగిన ఒక అధ్యయనమూ ఇదే దారిలో ఉంది: టీచరు పాఠం మానిపించి కంప్యూటరు ముందు కూర్చోబెడితే నష్టం, బడి వేళల తర్వాత అదనంగా కూర్చోబెడితే లాభం.

మరి టీచరుతో పనిలేకుండా పిల్లలే నేర్చుకునే సాఫ్ట్‌వేర్లు పనికిరావా అంటే, అలా కొట్టిపారేయలేం. ఒక్కో బిడ్డ స్థాయికి తగ్గట్టు లెక్కలిచ్చే మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఢిల్లీలో 2015లో జరిగిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అందులో పాల్గొన్న పిల్లల్లో ఆరో తరగతి చదివేవాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులకు పెరిగింది. అంటే తొమ్మిదో తరగతి టీచరు బోర్డు మీద బీజగణితం చేస్తుంటే, ఎదురుగా కూర్చున్న పిల్లల్లో చాలామందికి భిన్నాలే రావు. టీచరుకు ఆ సంగతి తెలుసు. కానీ పరీక్షల్లోగా సిలబస్ పూర్తి చేయాలి, అధికారి వచ్చి అడిగేదీ అదే.

3.27 పెద్దదా, 3.5 పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు 3.27 అంటారు. అయిదు కంటే ఇరవై ఏడు పెద్దది కదా అన్నది వాళ్ల తర్కం. తప్పు అని కొట్టేస్తే ఆ తర్కం అలాగే ఉండిపోతుంది. దశాంశ బిందువు తర్వాతి అంకె స్థానవిలువను మళ్లీ చూపించాలి, అలాంటివే ఇంకో నాలుగు లెక్కలు ఇవ్వాలి. ఎవరికి ఏ పొరపాటు ఉందో పట్టుకుని ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క ఇవ్వడం నిండా పిల్లలున్న తరగతిలో మనిషికి సాధ్యమయ్యే పని కాదు, యంత్రానికి సాధ్యమే. ఢిల్లీలో నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు గట్టిగా పుంజుకున్నారు. అయితే ఆ గంటన్నర క్లాసులో సగం సమయం మాత్రమే కంప్యూటరుది. మిగతా సగం చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఒక మనిషి చెప్పిందే. పైగా అదంతా బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో జరిగింది. దాన్ని బడి టైంటేబుల్లోకి తేవాలంటే ఏ పీరియడ్ తీసేయాలి, ఆ గంటలో టీచరు ఏం చేయాలి అన్నవి తేల్చుకోవాలి. పథకం రాసేవాళ్లు ఎక్కువగా దాటేసే ప్రశ్నలివే.

అత్యంత చౌకైన ఉదాహరణ బోట్స్వానాది. కోవిడ్‌తో 2020లో బడులు మూతపడ్డప్పుడు అక్కడ మామూలు ఫోన్లకు వారానికోసారి లెక్కలు ఎస్సెమ్మెస్‌గా పంపారు. ఉత్త మెసేజ్‌లతో ఫలితం రాలేదు. మెసేజ్ పంపి, తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి పదిహేను ఇరవై నిమిషాలు తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడితే వచ్చింది.

ఇక డబ్బు లెక్క. ప్రపంచవ్యాప్తంగా ప్రాథమిక పాఠశాలల్లో నాలుగో వంతుకు కరెంటే లేదనీ, ఇంటర్నెట్ ఉన్నవి 40 శాతమేననీ యునెస్కో 2023 నివేదిక చెబుతోంది. పేద దేశాల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. కొనుగోలు ఒకసారి అయిపోయే ఖర్చు, దానికి బడ్జెట్లో చోటు దొరుకుతుంది. పగిలిన తెర, ఉబ్బిన బ్యాటరీ, గడువు తీరిన సాఫ్ట్‌వేర్, రెండేళ్లకోసారి కావాల్సిన శిక్షణ, ఇవన్నీ ఏటా వచ్చే ఖర్చులు. వీటికి పద్దు ఉండదు. ట్యాబ్ పాడైతే జవాబు చెప్పాల్సింది తనే అన్న భయంతో హెడ్మాస్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆయన్ను తప్పుపట్టలేం.

అందుకే కొనుగోలు ఫైలు కదలకముందే అయిదేళ్ల మరమ్మతు, శిక్షణ ఖర్చు అదే ఒప్పందంలో చేరాలి. దేశమంతా ఒకేసారి పంచే బదులు కొన్ని వందల బడుల్లో ఒక విద్యా సంవత్సరం నడిపి, పిల్లల్ని పరీక్షించి, ఫలితాలు బయటపెట్టాలి. ఆ బడుల టీచర్లు ఇది మాకు పనికిరాదని చెబితే కొనుగోలు ఆపేసే వీలు కూడా ఆ ఒప్పందంలోనే ఉండాలి.