గిన్నెడు వాక్కాయలు, నలభై రూపాయలు

మొన్న ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను వ్యాపారస్తుణ్ణయ్యాను. లైసెన్సు తీసుకోలేదు, బోర్డు పెట్టలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. ఫోన్ టింగుమంది, అంతే. ఖాతాలో నలభై రూపాయలు జమ. దాని కింద ‘వాక్కాయలు – 1 గిన్నె’ అని వివరం. పంపినవారు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు వాస్తవ్యులు, అసోసియేషన్ సెక్రటరీ గారు.

అంతకు పది నిమిషాల ముందే ఆయన గుమ్మంలో నిలబడి, “చెట్టున కాసినవండీ, పప్పులో వేసుకోండి” అని ఆ గిన్నె చేతికిచ్చి వచ్చాను. ఆషాఢంలో నాలుగు చినుకులు పడ్డాక బెజవాడలో ఏ ఇంట్లోనైనా వాక్కాయ పప్పుకి వంక పెట్టేవాళ్ళుండరని నా నమ్మకం. ఆయన వంక పెట్టలేదు. వెల కట్టారు.

ఏదో పొరపాటున వచ్చి ఉంటాయనుకుని మళ్ళీ మెట్లెక్కాను.

“పొరపాటేం కాదండీ. ఒకరి దగ్గర రుణం ఉంచుకోవడం నాకు అలవాటు లేదు” అంటూ ఫోన్ తెరిచి చూపించారు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్‌లో వాక్కాయలు పావుకిలో అరవై ఆరు రూపాయలట. “మీ గిన్నె పావుకిలో ఉంటుంది. ప్యాకింగ్ లేదు, డెలివరీ లేదు, అవి తీసేశాను. అడుగున నాలుగు కాయలు దెబ్బతిన్నాయి. నలభై న్యాయమైన రేటు.”

మూడంతస్తులెక్కి తెచ్చిచ్చినందుకు డెలివరీ కలపాలి గానీ తీసెయ్యడమేమిటండీ అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. చూశారా, వ్యాపారం పది నిమిషాల్లోనే ఒంటికి పట్టేసింది! తాజా పండ్ల మీద జీఎస్టీ లేదు కాబట్టి బతికిపోయాను గానీ, లేకపోతే ఆ గుమ్మంలోనే బిల్లు రాసివ్వాల్సొచ్చేది.

గిన్నె కూడా అప్పుడే ఇచ్చేశారు. కడిగి, తుడిచి, బోర్లించి, ఖాళీగా. అది మా అమ్మ గిన్నె. అంచు మీద ఆవిడ పేరూ, పెళ్ళయిన సంవత్సరమూ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. యాభై ఏళ్ళలో ఆ గిన్నె ఎన్ని గడపలు తొక్కిందో లెక్కలేదు. పులిహోరతో వెళ్ళి కందిపొడితో వచ్చింది, గోంగూరతో వెళ్ళి జంతికలతో వచ్చింది. ఇంట్లో ఏమీ లేనివాళ్ళు సైతం అడుగున చారెడు పంచదార పోసి పంపేవారు. ఉత్త గిన్నె పంపితే అవతలివాళ్ళని అవమానించినట్టని ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు కిళ్ళీకొట్టు దగ్గర చిల్లర గొడవ వదిలిందని సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. చారెడు పంచదార కూడా ఫోన్‌లోనే పంపొచ్చని అప్పుడు తోచలేదు.

ఇంతకీ చెట్టు సంగతి. పన్నెండేళ్ళ కింద కడియం నర్సరీలకు వెళ్ళినప్పుడు తెచ్చి వెనక ప్రహరీ వార నాటిన మొక్క అది. సీమలో కలేకాయ అంటారు. దానికి సేవ అక్కర్లేదు. నాటిన మొదట్లో నీళ్ళు పోస్తే చాలు, తర్వాత ఎండకి ఎండదు, మనం మర్చిపోయినా అది మర్చిపోకుండా కాస్తుంది. రైతులు తోటలకి కంచెగా వేసేది అందుకే. ముళ్ళు జంటలు జంటలుగా ఉంటాయి, గేదె కూడా మూతి పెట్టదు. కాయ కోస్తే తొడిమ దగ్గర పాలు కారి వేళ్ళు అంటుకుపోతాయి, సబ్బుకి లొంగవు. గులాబీరంగు తిరిగిన పచ్చికాయ పప్పుకీ పచ్చడికీ. నల్లబడే దాకా ఉంచితే పిల్లలకీ పిట్టలకీ. ఒక్క ఇంట్లో ఒక్క పొద కాపు ఖర్చు కాదు. పంచకపోతే రాలి కుళ్ళుతుంది. పంచడం నా గొప్ప కాదు, చెట్టు పెట్టిన రూలు.

సెక్రటరీ గారికి మొక్కల మీద ప్రేమ లేదనుకునేరు. ఆన్‌లైన్‌లో తెప్పించిన చెర్రీ మొక్క ఒకటి వారి బాల్కనీలో, ఏసీ వదిలే వేడిగాలికి ఎదురుగా, తొట్టిలో ఉంది. అసలు చెర్రీ కాయాలంటే చలికాలంలో వందల గంటలు వణకాలి. అందుకే అది కాశ్మీర్లోనూ హిమాచల్లోనూ కాస్తుంది. బెజవాడలో జనవరిలో కూడా ఫ్యాన్ వేసుకుంటామన్న సంగతి ఆ మొక్కకి ఎవరు చెబుతారు?

చెర్రీ అంటే గుర్తొచ్చింది. ఈ ఉదంతం జరిగిన మూడో రోజు వారబ్బాయి పుట్టినరోజు. మా ఇంటికి కాగితం ప్లేటులో కేకు ముక్క వచ్చింది. తెల్ల క్రీము, దాని మీద నిగనిగలాడే ఎర్ర చెర్రీ. అయ్యా, మన బేకరీల్లో కేకు మీదా, స్వీటు కిళ్ళీలో లవంగం పక్కనా మెరిసే ఆ చెర్రీ చాలామటుకు వాక్కాయే. గింజ తీసి, ఎర్రరంగు పట్టించి, పంచదార పాకంలో ఊరబెడితే చెర్రీ అయిపోతుంది. నేను గిన్నెతో ఇస్తే అడుగున దెబ్బతిన్న కాయ, బేకరీవాడు ఒక్కటి పెడితే అలంకారం!

రుణం ఉంచుకోవడం నాకు మాత్రం అలవాటా? మా ఆవిడ వద్దంటున్నా వినకుండా వంటింటి త్రాసు తీసి ముక్క తూచాను. నూటపది గ్రాములు. వీధి చివర బేకరీకి ఫోన్ చేసి కిలో రేటు అడిగాను. “ఆర్డరాండీ?” అన్నాడు కుర్రాడు. “కాదు బాబూ, న్యాయం” అన్నాను. పెట్టేశాడు. రెండోసారి చేస్తే కిలో ఏడొందలన్నాడు. అంటే నా ముక్క డెబ్భై ఏడు రూపాయలు. కాగితం ప్లేటు వాళ్ళది, కాబట్టి రూపాయి కలిపాను. క్రీము ఒక పక్క నొక్కుకుపోయింది, ఐదు తీసేశాను. చెర్రీ దగ్గర చిక్కొచ్చింది. అది పూర్వాశ్రమంలో వాక్కాయ గనక, కాయ ఖరీదు తగ్గించి పాకానికి మాత్రం కట్టాలా, లేక మొత్తం కట్టాలా? అరగంట తర్జనభర్జన పడి మూడు రూపాయలు తగ్గించాను. డెబ్భై రూపాయలు పంపి, వివరంలో ‘కేకు ముక్క 1 – వాక్కాయ మినహా’ అని రాశాను.

సిగ్గుపడతారనుకున్నాను. ఫోన్ చేసి “ఏమండీ, మరీనూ” అంటారనుకున్నాను. నిమిషంలో జవాబొచ్చింది. ‘అందింది, థాంక్స్.’ పక్కన బొటనవేలు బొమ్మ.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇదంతా నవ్వులాటగా పోయేది. గురువారం పొద్దున్న అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. వెనక ప్రహరీ దగ్గర కొత్తగా పెట్టించిన కెమెరాలోది. వాచ్‌మన్ కూతురు, మూడో క్లాసు పిల్ల, చెట్టు కింద గొంతుక్కూర్చుని గౌను ఒళ్ళో కాయలు ఏరుకుంటోంది. కింద సెక్రటరీ గారి వ్యాఖ్య: ‘కామన్ ఏరియాలో దొంగతనాలు. వాచ్‌మన్‌ని హెచ్చరించాం.’ దానికి పదకొండు బొటనవేళ్ళు. లెక్కపెట్టాను. ఆ పదకొండు ఇళ్ళకీ నా గిన్నె వెళ్ళింది.

దొంగతనమట! రాలిన కాయలు. పిట్ట సగం తిని పారేసినవి. ఆ పిల్ల తల్లి రోజూ చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో పోసేవి. ఎనిమిదేళ్ళ పిల్ల మొహం మీద దొంగ అని రాసి పాతిక కుటుంబాల ఫోన్లలో పడేస్తే, ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఇదేం పనని అడగలేదు. మీ పిల్లలు లిఫ్టు గోడల మీద పెన్నుతో గీసినప్పుడు ఏ కెమెరా ఫొటో బయటికొచ్చింది? పన్నెండేళ్ళ నుంచి ఆ చెట్టుకి మీరు పోసిన నీళ్ళెన్ని? ముల్లు గుచ్చుకుంటే ఆయింటుమెంటు రాసింది ఎవరికి? ఆ రోజు సాయంత్రం వాళ్ళ నాన్న నా దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, “ఇంకెప్పుడూ ముట్టుకోదు సార్, ఎంతయిందో చెప్పండి, జీతంలో కట్టేస్తాను” అన్నాడు. నలభై రూపాయల నాగరికత మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి అతని దాకా వచ్చేసింది. నాకు నోట మాట రాలేదు.

వచ్చే ఆదివారం మీటింగు ఎజెండాలో రెండో అంశం: ‘వెనకవైపు ముళ్ళపొద తొలగింపు, ఆ స్థానంలో కోనోకార్పస్.’ గుజరాత్ 2023లో నాటొద్దని నిషేధం పెట్టిన మొక్క. మనిషి నోట్లో వేసుకునే కాయ ఒక్కటి కాయదు, అదే దాని అర్హతేమో. కాయ లేకపోతే పంపకం లేదు, రుణమూ లేదు. నేను వెళతాను. అరుస్తాను. ఓడిపోతానో లేదో చూద్దాం.

ఈలోగా నిన్న పొద్దున్న అమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళి వాచ్‌మన్ కూతుర్ని పిలిచాను. మొదట రానంది. కెమెరా వైపు చూపించింది. “చూడనీ, నేనూ ఏరుతున్నాగా” అన్నాను. వచ్చింది. గిన్నె నిండాక చెట్టు కిందే కూర్చుని నల్లగా పండినవి చెరో రెండు నోట్లో వేసుకున్నాం. పైన కెమెరా ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. ఇద్దరం గింజలు కెమెరా మీదికి ఊశాం.

నావి అందలేదు. దానివి తగిలాయి.