మహారాజశ్రీ ‘వచ్చేస్తాది’ గారికి

మహారాజశ్రీ ‘వచ్చేస్తాది’ గారి దివ్య సముఖమునకు, మీ పాత బాధితుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం ఢోకా లేదు. నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కన ఏ ఊరి బస్టాపుకి పోయినా, ఎవరో ఒకరి నోట్లో మీరు దర్జాగా కాపురం ఉంటున్నారు. మడమల మీద రెండు బొబ్బలు తప్ప నేనూ క్షేమమే.

మొన్న కనుమ నాడు నేను సముద్రం ఒడ్డున నడిచాను. ‘కనుమ నాడు కాకైనా కదలదు’ అని మా అత్తగారు గడపలో నిలబడి మరీ చెప్పారు. నేను కాకిని కాను కదా అని, ఆవిడ పొట్లం కట్టిచ్చిన గారెలు సంచిలో వేసుకుని బయల్దేరాను. మైపాడులో దిగి, సముద్రాన్ని ఎడమ చేతికి పెట్టుకుని కోడూరు దాకా నడవాలి. అక్కడ నాలుగున్నర బస్సెక్కి చీకటి పడేలోపు నెల్లూరు చేరాలి. ఇదీ ప్లాను. పొద్దున బస్సు టైముకే వచ్చింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నడక గురించి మీతో చెప్పుకోవడం దండగ, మీరు ఎప్పుడూ ఎక్కడికీ కదిలింది లేదు కాబట్టి. అయినా చెప్తాను. అల వెనక్కి పోయాక మిగిలే తడి ఇసుక మీద నాలుగడుగుల వెడల్పున ఒక బాట ఉంటుంది. అక్కడ కాలు దిగబడదు. ఒక అడుగు పైకి జరిగితే పొడి ఇసుక మీ పిక్కల ప్రాణం తీస్తుంది, ఒక అడుగు కిందికి జరిగితే చెప్పులు సముద్రానివి. కుడి పక్కన సరుగుడు తోటలు, గాలికి ఒకటే హోరు. పండగని పడవలన్నీ ఒడ్డుకెక్కించి పెట్టారు. ఒక పడవ నీడలో కుక్కా, ఇద్దరు కుర్రాళ్లూ, పేకముక్కలూ. పీతలు మాత్రం కనుమ పాటించడం లేదు. నా అడుగు చప్పుడుకి కన్నం దాకా పరుగెత్తి, గుమ్మంలో ఆగి, నేను నిజంగానే వస్తున్నానా అని తిరిగి చూస్తున్నాయి.

కోడూరు బస్టాపుకి నాలుగింటికే చేరాను. టీ కొట్టాయన్ని బస్సు గురించి అడిగాను. అప్పుడు ప్రత్యక్షమయ్యారు తమరు.

“వచ్చేస్తాది, కూర్చోన్నా.”

మీలో ఉన్న గొప్పతనం అక్కడ కూర్చున్నాకే తెలిసొచ్చింది. ఎవరైనా ‘వస్తుంది’ అంటే ‘ఎప్పుడు?’ అని అడగబుద్ధవుతుంది. ‘వస్తుందేమో’ అంటే లేచి ఆటో వెతుక్కుంటాం. మీరు అలా కాదు. ఆ ‘చ్చే’ దగ్గర బస్సు మలుపు తిరిగిన చప్పుడు వినిపిస్తుంది, ‘స్తా’ దగ్గర బ్రేకు పడుతుంది, ‘ది’ అనేసరికి తలుపు తెరుచుకుంటుంది. మనిషి సంచి సర్దుకుని లేచి నిలబడతాడు. ఎదురుగా చూస్తే మేక.

ఆ మేక గురించి కూడా ఒక మాట. గడియారం చూస్తే టెన్షన్ అని నేను గారెల లెక్కన టైం కొలుస్తున్నాను. ఐదింటికి రెండు గారెలు అయ్యాయి. ఐదున్నరకి మూడోది చేతిలో ఉండగా మీరు ఇంకోసారి పలికారు. నేను రోడ్డు వైపు తల తిప్పాను. తిరిగి చూసుకునేసరికి గారె లేదు. పొట్లం కట్టిన పేపరుతో సహా నమిలేస్తోంది. కనుమ నాడు మినుము తినాలని దానికి కూడా ఎవరో చెప్పినట్టున్నారు.

ఆరింటికి ఒక కుర్రాడు సాక్ష్యాధారాలతో వచ్చాడు. “ఇయ్యాల ఏటి పండగ గదన్నా, డ్రైవరన్న కూడా ఆడికే పోయుంటాడు.” కనుమ నాడు నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డున గొబ్బెమ్మలు కలుపుతారు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అంత దూరం ఆలోచించినవాడు ఆఖరికి ఏమన్నాడనుకున్నారు? “అయినా వచ్చేస్తాదిలే.”

ఈ తీరం పొడుగునా బకింగ్‌హామ్ కాలువ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. 1878లో మద్రాసు గవర్నరు పేరు పెట్టారు దానికి. ఒకప్పుడు ఉప్పూ, సరుగుడు కట్టెలూ పడవల్లో మద్రాసు పోయింది ఆ దారినే. గాలి లేకపోతే మనుషులు గట్టున తాడు పట్టి లాక్కుపోయేవాళ్లు. ఆ పడవ ఎంత మెల్లగా వచ్చినా కనబడుతూ వచ్చేదిగా! మీ బండి కనబడకుండానే వస్తూ ఉంటుంది.

మధ్యలో మా ఆవిడ ఫోన్ చేసి “ఎక్కడున్నారు?” అంది. “దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా” అన్నాను. ఫోన్ పెట్టేశాక, నా గొంతులో మాట్లాడింది మీ దగ్గర చుట్టమేనని అర్థమై ఒళ్లు జలదరించింది.

మసక చీకటి పడింది. బెంచీ చివర ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని ఒక అవ్వ నాకంటే ముందునుంచీ కూర్చోనుంది. అంతసేపూ మిమ్మల్ని నోట్లోకి రానివ్వని మనిషి ఆవిడొక్కతే. అందుకే ధైర్యం చేసి అడిగాను, బస్సు వస్తుందా అవ్వా అని.

“రాదు నాయనా.”

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది. పొద్దుటి నుంచి నేను విన్న మొదటి నిజం. “మరి రాదని తెలిసి నువ్వెందుకు కూర్చోనుండావవ్వా?” అన్నాను.

ఆవిడ గంప మీద గోనెపట్టా సర్దుకుంటూ నా వైపు జాలిగా చూసింది.

“వస్తేనో?”

సంచి ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఇట్లు,
కనుమ నాడు కదిలిన కాకి